వరద తెచ్చిన ఇసుకకు పరిహారం ఉంది, గాలి తెచ్చిన ఇసుకకు లేదు

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి (హగరి) ఏటి పొడవునా ఇసుక దిబ్బలున్నాయి. గోవిందవాడ, దర్గా హొన్నూరు వంటి ఊళ్లలో గాలికాలం వస్తే ఆ ఇసుక లేచి చేలమీద పడుతుంది. ఆంధ్రలో ఎడారి అనగానే పత్రికలు ఈ దిబ్బల ఫొటోలే వేస్తాయి. గాలి నేలను ఎలా తినేస్తుందో, ఆ నష్టం ప్రభుత్వ లెక్కలోకి ఎందుకు రాదో ఫొటోలో కనపడదు. ఆ రెండిటినీ ఇక్కడ వివరిస్తున్నాం.

గాలి ఏం చేస్తుంది

గాలి మట్టిని మూడు రకాలుగా కదిలిస్తుంది. పెద్ద రేణువులు నేలమీద దొర్లుతాయి. మధ్యరకం ఇసుక రేణువులు ఎగిరి పడుతూ, పడ్డచోట మరికొన్నిటిని లేపుతాయి. ఎక్కువ మట్టి కదిలేది ఇలాగే. అన్నిటికన్నా సన్నని ధూళి గాలిలో కలిసి ఎక్కడికో పోతుంది. పంటకు కావలసిన సారం, తేమను పట్టి ఉంచే గుణం ఎక్కువగా ఉండేది ఈ సన్నని మట్టిలోనే. అందుకే చేను విస్తీర్ణం పట్టాలో ఉన్నంతే ఉంటుంది, దిగుబడి మాత్రం ఏటేటా పడిపోతుంది. గాలివేగం రెట్టింపైతే అది మోసే ఇసుక సుమారు 8 రెట్లు పెరుగుతుంది. కాబట్టి ఏడాదిలో కొద్దిరోజుల పెనుగాలి చాలు.

ఇస్రో 2018-19 అట్లాసు ప్రకారం దేశ విస్తీర్ణంలో 29.77 శాతం నేల క్షీణించింది. గాలికోత వల్ల దెబ్బతిన్నది 5.46 శాతం. అందులో ఎక్కువ భాగం రాజస్థాన్‌దే కావడంతో మన దగ్గరి సమస్య చిన్నదిగా కనిపిస్తుంది.

ఇక్కడే ఎందుకు

అనంతపురంలో ఏడాది వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కారణం అదొక్కటే కాదు. వేదవతికి ఎగువన కర్ణాటకలో వాణీవిలాస సాగర్, దిగువన భైరవానితిప్ప ప్రాజెక్టు ఉన్నాయి. ఏడాదిలో చాలాకాలం ఏరు ఎండిపోయి ఇసుక బయటపడి ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే పడమటి గాలులు ఆ ఇసుకను తూర్పు గట్టు మీదికి తోస్తాయి. సరిగ్గా అప్పుడే మెట్టచేలు విత్తనం కోసం దున్ని, పచ్చదనం లేకుండా ఉంటాయి. పైగా వేరుశనగను కోయరు, వేళ్లతో సహా పీకుతారు. కట్టె పశువుల మేతకు పోతుంది. నేలను పట్టుకునేది ఏదీ మిగలదు.

ఎవరి నేల

2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఎస్సీలది 0.78. అదీ చాలాచోట్ల డీకేటీ పట్టాగా వచ్చిన భూమి: పెద్ద కులాలకు అక్కరలేని గుట్టవాలు, రాళ్లనేల, ఇసుకనేల. బోరు వేసే స్తోమత ఉన్నవాడు చేనును ఏడాదంతా పచ్చగా ఉంచగలడు, గట్టున చెట్లు పెంచగలడు. వాననే నమ్ముకున్న రెండెకరాల రైతుకు ఆ వీలు లేదు. ఒకే గాలి ఇద్దరి చేల మీదా వీస్తుంది, నష్టం మాత్రం ఒకటి కాదు.

నిబంధన ఏం చెప్తోంది

విపత్తు సహాయనిధి నిబంధనల్లో ఒక అంశం ఉంది. చేలో 3 అంగుళాలకు మించి ఇసుక మేట వేస్తే, తీసేయడానికి చిన్న, సన్నకారు రైతుకు సాయం ఇవ్వాలి. 2022లో సవరించిన ధర ప్రకారం హెక్టారుకు 18,000 రూపాయలు. అయితే ఈ సాయం గుర్తించిన విపత్తులకే. కేంద్రం జాబితాలో తుఫాను, కరువు, వరద, వడగళ్లు, మంచు, చీడపీడల వంటివి 12 ఉన్నాయి. గాలి తెచ్చే ఇసుక లేదు. అదే ఇసుక, అదే మందం. ఏరు పొంగి తెస్తే విపత్తు, గాలి తెస్తే రైతు ఖర్మ.

దీనికి దారి ఆ నిబంధనల్లోనే ఉంది. నిధిలో 10 శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకునే అధికారం రాష్ట్రానికి ఉంది.

ఏం అడగాలి

మొదటిది, గాలి ఇసుకను రాష్ట్ర స్థానిక విపత్తుగా ప్రకటించాలి. రెండోది, వేదవతి గట్టున ఎవరి చేను ఎంత మేట కింద పోయిందో కులం వారీగా, పట్టా వారీగా సర్వే చేసి బయటపెట్టాలి. కౌలుదారులనూ లెక్కించాలి. మూడోది, గాలికి అడ్డంగా చెట్ల వరుసలు పెంచాలి. ఒక వరుస తన ఎత్తుకు పదింతల దూరం వరకు చేనును కాపాడుతుంది. దిబ్బలను కదలకుండా ఆపే పద్ధతులు జోధ్‌పూర్‌లోని కాజ్రీ ఎప్పుడో రూపొందించింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. ఆ కూలి డబ్బుతో ఎస్సీ, ఎస్టీల చేలలో ఈ పని చేయించడం కొత్త ఆలోచనేమీ కాదు.

చేలో మోళ్లు ఉంచండి, కట్టె పీకవద్దు అని రైతుకు పాఠం చెప్పేముందు, ఆ కట్టె మీదే బతికే పశువుకు మేత ఎక్కడిదో ప్రభుత్వం చెప్పాలి. పట్టా ఇవ్వడంతో భూమి హక్కు పూర్తికాదు. ఆ నేల పండేదిగా ఉండాలన్నది కూడా ఆ హక్కులో భాగమేనని మేము అంటున్నాం.