గర్భసంచి ఆపరేషన్ తర్వాత బట్టలు తడుస్తుంటే

788 మందిలో ఒకరు. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2000–2008 మధ్య గర్భసంచి తీయించుకున్న 3,43,771 మంది రికార్డులు పరిశీలిస్తే తేలిన లెక్క ఇది. ప్రతి 788 మందిలో ఒకరికి ఏడాది తిరక్కుండానే మూత్రాశయానికీ యోనికీ మధ్య దారి పడింది. డాక్టర్లు ఫిస్టులా అనేది దీన్నే.

సగటు ఒక్కటే చూస్తే సంగతి సగమే తెలుస్తుంది. గర్భసంచి జారిందని యోని ద్వారా తీసినచోట 3,861 మందిలో ఒకరికే వచ్చింది. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కి చుట్టుపక్కల కణజాలంతో సహా తీసినచోట 87 మందిలో ఒకరికి. మూత్రాశయం ముఖద్వారానికి ముందువైపు ఆనుకునే ఉంటుంది; దాన్ని విడదీసి కిందికి తోస్తేగాని సంచి మొత్తంగా రాదు. పాత సిజేరియన్ మచ్చ ఉంటే రెండూ అతుక్కుపోయి ఉండొచ్చు. కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం కూడా ముఖద్వారానికి సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలోనే వెళ్తుంది. కుట్టు అటు పడినా, కరెంటు వేడి తగిలినా ఆ భాగం రక్తం అందక మెల్లగా చచ్చిపోతుంది. అందుకే చాలామందికి ఆపరేషన్ రోజు ఏమీ తెలియదు. వారం, పది రోజులకు, ఇంటికొచ్చాక యోని ద్వారా మూత్రం కారడం మొదలవుతుంది.

ఇంగ్లండ్ లెక్కను తెచ్చి మనకు అతికించలేం. కానీ 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మందులతో తగ్గే తెల్లబట్టకో, అధిక రక్తస్రావానికో ‘తీసేస్తే పోతుంది’ అనేవాళ్లు ఈ ముప్పు గురించి కూడా చెప్పాలి కదా!

ఫిస్టులాను కనిపెట్టడం కష్టమేమీ కాదు. కాథెటర్‌తో మూత్రాశయంలోకి నీలం రంగు నీళ్లు ఎక్కించి, యోనిలో దూది ఉంచి చూస్తారు. దూది నీలంగా మారితే రంధ్రం మూత్రాశయానిదే. చిన్నదై, తొందరగా దొరికితే కొన్ని వారాలు కాథెటర్ ఉంచితేనే మూసుకుపోవచ్చు. లేదంటే వాపు తగ్గేదాకా, తరచూ రెండు మూడు నెలలు, ఆగి కుట్లు వేస్తారు. అనుభవమున్న చేతుల్లో మొదటిసారే చాలామందికి నయమవుతుంది.

దూదికి నీలం అంటకుండా తడి మాత్రమే ఉంటే మూత్రనాళాన్ని అనుమానించాలి. అప్పుడు మూత్రం మామూలుగా పోస్తూనే ఉంటారు, పక్కన బట్టలూ తడుస్తూనే ఉంటాయి. ‘దగ్గితే కారుతుందిలే’ అని సిగ్గుతో నెలలు దాటవేస్తే ఆ వైపు కిడ్నీ దెబ్బతినొచ్చు. తడి కనిపించిన వారమే కిడ్నీ స్కాన్ చేయించాలి.