గాలము నేర్చువానికి ఏ నీరు తగును?



దసరా సెలవులు రాగానే పట్టణములనుండి మనుమలు ఊళ్ళకు వత్తురు. వారిలో ఒకడైనను "తాతా, గాలమేయనీకి పోదామా?" అని యడుగక మానడు. పెద్దలకు అంతకంటె సంతోషమేమున్నది? వెదురుకఱ్ఱ నఱకుదురు, దారము, బెండు, కొక్కెము సమకూర్తురు. కాని ఏ నీటికి పోవలెనను ప్రశ్నను మాత్రము ఎక్కువగా విచారింపరు. తాము చిన్ననాడు ఎచ్చట పట్టిరో అచ్చటికే పిల్లవానిని కొనిపోవుదురు. పూర్వపు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో నీటిని ఎంచుకొను విధమును గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

చల్లని దేశములలో శరత్కాలపు గాలమనగా సాల్మనుచేప జ్ఞప్తికి వచ్చును. అది సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై తాను పుట్టిన నదికి ఎదురెక్కి వచ్చును. కావున అచ్చటి వారికి ఏ నదిలో ఏ వారమున చేప ఎక్కుచున్నదో తెలిసిన చాలును. మన తెలుగునాట ఆ స్వభావము గలది పులస. అది వఱదకాలమున గోదావరికి ఎదురీది ధవళేశ్వరపు ఆనకట్ట దాపునకు వచ్చును. కృష్ణపై 1967లో ప్రారంభమైన నాగార్జునసాగరము, దానికి ఎగువ శ్రీశైలము అడ్డుగా నిలిచియుండగా సముద్రపు చేప మన మెట్టసీమకు రాజాలదు. ఇచ్చట ఎదురెక్కునవి మన చెఱువుల చేపలే. తొలకరి వఱదకు మత్తడి దుమికినప్పుడు అవి వాగునుండి చెఱువునకు, చెఱువునుండి పైవాగునకు ఎక్కును. దసరానాటికి ఆ యాట ముగిసి, చేపలు మడుగులలోను చెఱువులలోను కుదురుకొనును.

నేర్చువానికి కావలసినవి మూడు. మొదటిది, బెండు తఱచుగా కదలవలెను. పదేండ్ల బాలుడు రెండు గడియలు ఊరక కూర్చుండలేడు. రెండవది, కాలు జాఱని ఒడ్డు. మూడవది, జాఱినను ప్రాణము పోని లోతు. ఈ మూడవదానిని మనస్సునందుంచుకొని మన నీళ్ళను ఒక్కొక్కటిగా పరికింతము.

మొదట కృష్ణ. చేపల సమృద్ధిలో దానికి సాటి లేదు. బొచ్చె, రవ్వ, వాలుగ మొదలైనవన్నియు అందు కలవు. కాని కృష్ణకు వఱద మన వానతో రాదు. సహ్యాద్రిపై కురిసిన వానతో వచ్చును. మన ఆకాశము నిర్మలముగా నున్న దినముననే జూరాల గేట్లు ఎత్తవచ్చును. అంతవఱకు పొడిగానున్న బండ కొంతసేపటికే నీటి నడుమ దీవి యగును. జూరాల పరిసరములయందు మొసళ్ళును కలవు. ఇక తుంగభద్ర. 2009 అక్టోబరు మొదటి దినములలో కృష్ణా తుంగభద్రలు ఒక్కసారిగా పొంగి ఆలంపురమును, చుట్టుప్రక్కల గ్రామములను ముంచినవి. అది శరత్కాలమే, వానకాలము వెడలినదని జనులు నమ్మియున్న కాలమే. ఈ రెండు నదులును నేర్చినవారికి తగినవి, నేర్చువారికి కావు.

మూసీ అనంతగిరి కొండలలో నిర్మలముగా పుట్టి, హైదరాబాదు మురుగును మోసికొని నల్లగొండసీమలో ప్రవేశించి, వాడపల్లికడ కృష్ణలో కలియును. ఆ నీటి చేపను ఇంటికి తెచ్చి వండింపుమని నేను చెప్పజాలను. తాను పట్టిన తొలిచేపను పిల్లవాడు తినగోరుట సహజము. కావున మూసీని విడిచిపెట్టుదము.

పెద్ద జలాశయములు చూపునకు శాంతముగా నుండును. నాగార్జునసాగరపు ఒడ్డు చాలచోట్ల కొండవాలు; రెండడుగులు వేసినంతనే నిలువులోతు. వనపర్తిసీమలోని సరళాసాగరమునకు సైఫనులు కలవు. నీరు నియమితమైన మట్టమునకు రాగానే అవి ఎవరును తెఱువకయే పనిచేయసాగును. గేటు ఎత్తు మనుష్యుడు లేనిచోట ముందుగా కేకవేయువాడును ఉండడు. అట్టి కట్టకు దిగువన పిల్లవానిని ఎన్నడును నిలుపరాదు. పానగల్లు ఉదయసముద్రము కందూరు చోడులనాటి ప్రాచీన తటాకము. నేడది కృష్ణాజలమును నిలువచేసి యిచ్చు జలాశయమైనది. పూర్వపు చెఱువువలె అది వేసవిలో ఎండి అడుగు చూపునని తలంపరాదు.

ఈ మాటయే నేటి ప్రసంగమునకు మూలము. నేర్చువానికి తగిన నీరేదనగా, వేసవిలో మీరు అడుగు చూచిన నీరు. శరత్కాలపు గాలమునకు చోటును వైశాఖముననే ఎంచవలెను. అప్పుడు వాగు ఎండియుండును, కుంట నెఱ్ఱెలు విచ్చియుండును. ఆ మంటిపై ఒక్కమాఱు నడచిరండు. బండ యెక్కడ, గొయ్యి యెక్కడ, మెల్లగా వాలిన ఇసుక యెక్కడ అన్నది కన్నులార కానవచ్చును. చేపలు నిలుచు తావును అప్పుడే తెలియును. బండచాటున, చెట్టువేళ్ళ క్రింద, వాగు మలుపు తిరుగుచోట నీరు కోసిన పల్లమునందు అవి చేరును. పిల్లవాని క్షేమమునకును చేపల యునికికిని ఒక్క పరీక్షయే చాలును.

"మా చెఱువు నేనెఱుగనిదా?" అని పెద్దలు అనవచ్చును. ఎఱుగుదురు, కాని నాటి చెఱువును. 2015 మొదలు అనేక చెఱువులలో పూడిక తీసిరి. అది పొలములకు మేలు చేసినది. పూడికతోపాటు కొన్నిచోట్ల మొరమును త్రవ్వి కొనిపోయినందున నిట్రముగా దిగిన గోతులు ఏర్పడినవి. వాగులలో ఇసుక తీసినచోటను ఇదియే గతి. మోకాటిలోతని దిగినవాడు మఱుయడుగున మునుగును. మన పల్లెలలో సెలవుదినములందు పిల్లలు ఇట్టి గోతులలో పడి చనిపోయిన వార్తలను మనము వినుచునే యున్నాము. చిన్ననాటి జ్ఞాపకమును నమ్మి పిల్లవానిని నీటిలో దింపరాదు. ఈ యేడు మీరు అడుగు చూడనిచో, గొఱ్ఱెలకాపరినో వలవేయువానినో అడుగుడు. వారు ప్రతి వేసవియు ఆ నేలపై నడచినవారు.

ఈ పరీక్షకు నిలుచునవి మన చిన్నవాగులు, చిన్నకుంటలు. దుందుభి యని పిలువబడు డిండివాగు, హాలియావాగు, కోయిలసాగరమునకు నీరు తెచ్చు పెద్దవాగు ఇట్టివి. వీనిలో జలాశయమునకు దూరముగా, ఇసుక మెల్లగా వాలిన పాయలను ఎంచుడు. మత్తడిమీద మాత్రము నిలువరాదు. ఆ ఱాళ్ళపై పాచి పట్టియుండును. ఏబది గజములు దిగువకు పోయి, నీటి వడి తగ్గినచోట ప్రక్క ఒడ్డున కూర్చుండుడు. ఎగువ ఆకాశమున మబ్బు మూసినను, నీటిలో చెత్తయు నుఱుగును కొట్టుకొనివచ్చినను వెంటనే లేచి గట్టెక్కుడు.

ఎప్పుడు పోవలెను? నీరు తేఱిన తరువాత. పెద్దవారు మోకాటిలోతున నిలిచి క్రిందకు చూచినచో కాలివ్రేళ్ళు కానరావలెను. దీనికి కారణము కలదు. పరకలు, బేడిసలు మొదలగు చిన్నచేపలు కంటితో ఎఱను వెదకును. తేటనీటిలో అవి వెంటనే వచ్చును. ఎఱ్ఱనీటిలో కన్నులు పనిచేయవు. అప్పుడు మీసములతో తడవి మేత నెఱుగు జెల్ల, ఇంగిలాయి వంటివే గాలమునకు తగులును. జెల్లకు వాడిముండ్లు కలవు. ఇంగిలాయి ముల్లు విషపుముల్లు, గ్రుచ్చుకొన్నచో దుస్సహమైన నొప్పి. తొలినాడే అది తగిలిన బాలుడు మఱల గాలము ముట్టడు. ఏ కాలమునందైనను ఇట్టి చేపను కొక్కెమునుండి పెద్దలే విడిపింపవలెను.

పరికరములు స్వల్పము. పిల్లవాని యెత్తునకు రెండింతలు మించని వెదురుకఱ్ఱ, అంత పొడవు దారము, నెమలియీకయో జీలుగుబెండో, మిక్కిలి చిన్న కొక్కెము. కొక్కెపు కొనయందలి ఎదురుముల్లును పట్టకారుతో నొక్కివేయుడు. వ్రేలికి గ్రుచ్చుకొన్నను సులభముగా వచ్చును. ఎఱగా వానపాము ముక్కగాని, జొన్నరొట్టె పిసికిన ముద్దగాని చాలును. వీనితోపాటు పొడవైన త్రాడు, మూత బిగించిన ఖాళీడబ్బా తీసికొనిపొండు. నీట పడినవానికి అందించుటకు అవి పనికివచ్చును. ఈత రానివాడు వెంట దుమికినచో ఇరువురును పోవుదురు.

నీరు ఎంచితిమి, ఆ నీటిలోని చేప ఎవరిది? చెఱువుచేపపై చాలయూళ్ళలో మత్స్యకార సహకార సంఘమునకు హక్కు కలదు. ముదిరాజులు, గంగపుత్రులు, బెస్తలు దానిపై జీవించుచున్నారు. 2016 మొదలు ప్రభుత్వమువారు చెఱువులలో చేపపిల్లలను విడిపించుచు వచ్చిరి. వానకాలమున విడిచిన బొచ్చె, రవ్వ పిల్లలు దసరానాటికి ఇంకను చిన్నవి. కావున ముందుగా సంఘపువారిని అడుగుడు. ఆ పిల్లలు గాలమునకు వచ్చినచో తడిచేతితో పట్టి నీటిలో విడువుడు. పిల్లవాని యెదుటనే అడుగుడు, వానిచేతనే విడిపింపుడు. మందుగుండుతోను విషముతోను చేపలు పట్టుట చట్టము నేరముగా నిర్ణయించినదని గూడ వానికి చెప్పుడు. ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపై మెదలుచున్నచోట తల్లిదండ్రులైన కొఱ్ఱమట్టలు క్రింద కాపుండును. అచ్చట గాలము వేయరాదు. కాపు తొలగినంతనే ఆ పిల్లలను ఇతర చేపలు మ్రింగివేయును.

ఈ విద్య హీనమైనదని యెవరును తలంపనక్కఱలేదు. కళ్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమునందు గాలముతో చేపలు పట్టుటను రాజవినోదములలో నొకటిగా వర్ణించెను. చేపల జాతులను, వానికి వేయవలసిన మేతలను అందు వివరించెను. పానగల్లును ఏలిన కందూరు చోడులు ఆ చాళుక్యులకు సామంతులే. అనగా మన సీమకు ఈ విద్య క్రొత్త కాదు. నీటిని చూచి, చేపను ఎఱిగి, ఆ పిదప గాలము వేయుటయే ఇందలి క్రమము.

పెద్దలారా, ఈ దసరాకు పిల్లవాడు నాలుగు పరకలతో ఇల్లు చేరిన చాలును. వచ్చు వైశాఖమున వానిని మఱల పిలిపించి, ఎండిన వాగులో వెంట నడిపింపుడు. "మనము కూర్చున్నది ఇచ్చట, బెండు మునిగినది ఈ పల్లమునకు పైన, ఆ గోతికి మాత్రము ఎన్నడును పోకుము" అని చేయి చాచి చూపుడు. మీరు వెంటలేనినాడు వానిని కాచునది ఆ యెఱుకయే.