కాలయంత్రపు నమూనా

1991 లో విడుదలయిన 'ఆదిత్య 369' అను తెలుగు చలనచిత్రములో ఒక కాలయంత్రము కలదు. అది మనుష్యులను ఒకసారి శ్రీకృష్ణదేవరాయల కాలమునకును, మరియొకసారి 2504వ సంవత్సరమునకును కొనిపోవును. చిత్ర దర్శకులు శ్రీ సింగీతం శ్రీనివాసరావుగారు 1931 లో నెల్లూరు జిల్లా ఉదయగిరిలో జన్మించినవారు. యంత్రమునెక్కి కాలములో ప్రయాణించు ఊహకు ప్రపంచమంతట ప్రచారము కలిగించినది 1895 లో వెలువడిన హెచ్. జి. వెల్స్ నవల.

నిజమైన కాలయంత్రమును మనము చేయజాలము. దాని బొమ్మను మాత్రము పాఠశాల ప్రదర్శనమునకు కొద్దిపాటి ఖర్చుతో చేయవచ్చును. చేయుటలో భౌతికశాస్త్రము కొంత అభ్యాసమునకు వచ్చును గనుక ఈ శ్రమ వృథా కాదు.

మొదట కొలతలు కావలెను. యంత్రము ప్రక్కనే ఒక పాత్రధారి నిలిచియున్న దృశ్యమును తీసికొనుడు. ఆ చిత్రములో మనిషి 4 సెం. మీ., యంత్రము 6 సెం. మీ. ఎత్తున్నవనుకొందము. మనిషి నిజమైన ఎత్తు 168 సెం. మీ. అయినచో, చిత్రములో 1 సెం. మీ. నిజమునకు 42 సెం. మీ. అగును, యంత్రము 252 సెం. మీ. అగును. ఆరవ వంతు పరిమాణములో చేసిన నమూనా 42 సెం. మీ. ఎత్తుండును. అయితే మనిషియు యంత్రమును కెమెరాకు సమాన దూరముననే ఉండవలెను. మనిషి ముందునకు వచ్చి నిలిచిన దృశ్యమును కొలిచినచో యంత్రము ఉన్నదానికన్న చిన్నదిగా తేలును.

గుండ్రని భాగములకు రెండు వెదురుబుట్టలను మూతికి మూతి చేర్చి కట్టుట సులభమైన ఉపాయము. వానిపై పాత వార్తాపత్రికల ముక్కలను మైదాజిగురుతో పొరలు పొరలుగా అంటించవలెను. ఒక పొర పూర్తిగా ఆరిన పిదపనే మరియొకటి వేయవలెను. తొందరపడినచో లోపలి తడికి బూజు పట్టును. ఈశాన్య ఋతుపవనకాలములో మన తీరమున ఇది తప్పక జరుగును. ఆరిన తరువాత లోపల, వెలుపల రెండు వైపులను రంగు పూయవలెను.

ఇక దీపములు. పెండ్లి పందిళ్ళలో కట్టు 230 వోల్టుల దీపాల దండను కాగితపు బొమ్మలోనికి ఎన్నడును దూర్చరాదు. 1.5 వోల్టుల సెల్లులు ఆరింటిని వరుసగా కలిపిన 9 వోల్టులు వచ్చును, అది చాలును. ఎఱ్ఱని ఎల్. ఇ. డి. దీపము సుమారు 2 వోల్టులు తీసికొనును. మిగిలిన 7 వోల్టులను ఒక నిరోధకము భరించవలెను. 15 మిల్లీఆంపియర్ల ప్రవాహమునకు 7 ను 0.015 చే భాగించగా 467 ఓములు వచ్చును. అంగడిలో 470 ఓములది దొరకును. నిరోధకము లేనిచో వోల్టేజి కొంచెము హెచ్చినను ప్రవాహము విపరీతముగా పెరిగి దీపము మాడిపోవును.

దీపము మిణుకుమిణుకుమనుటకు 1972 లో వాడుకలోనికి వచ్చిన 555 అను ఐ. సి. సరిపోవును. ఇది తనలోనే ఒకటిన్నర వోల్టునకు పైగా తీసికొనును గనుక వెలుగు కొంత తగ్గును, భయము లేదు. మొదటి నిరోధకము 1 కిలో ఓము. రెండవ దాని స్థానములో 6.8 కిలో ఓముల నిరోధకమునకు వరుసగా 100 కిలో ఓముల త్రిప్పుడు నిరోధకము. కెపాసిటరు 10 మైక్రోఫారడులది. బిరడా ఒక కొసనున్నపుడు దీపము మూడు సెకనులకు రెండుసార్లు, రెండవ కొసకు త్రిప్పినపుడు సెకనుకు సుమారు పదిసార్లు వెలుగును. కెపాసిటరును 1 మైక్రోఫారడునకు మార్చినచో వేగము పదిరెట్లగును. బిరడాను త్రిప్పుచు పోగా ఒకచోట మిణుకు మాయమై దీపము నిలకడగా వెలుగుచున్నట్లు కనిపించును. ఆ తావును ఒక్కొక్క విద్యార్థి చేత గుర్తింపజేయుడు. అందరికిని ఒకటే కాదు. ఒక జాగ్రత్త: సెకనుకు 3 మొదలు 30 వరకు మిణుకులు కొందరు మూర్ఛరోగులకు హాని చేయవచ్చును. అట్టి పిల్లలను దూరముగా నుంచవలెను.

బిరడా చుట్టు సంవత్సరములను మీ ఇష్టము వచ్చినట్లు వ్రాసికొనుడు. ఉదయగిరి దుర్గము రాయల వశమైన 1514 ను నేనైతే విడువను.

మైపాడు, కృష్ణపట్నము వంటి ఊళ్ళవారికి మరియొక చిక్కు కలదు. తీరముననున్న ఒక పాఠశాలలో ముందునాడు చక్కగా వెలిగిన నమూనా ప్రదర్శననాటి ఉదయము వెలుగలేదు. చేసిన బాలుడు ఏడ్పు ముఖముతో నిలుచుండెను. విప్పి చూడగా సెల్లుల పెట్టెలోని రేకులపై పచ్చని మకిలి. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు, గాలిలో సాపేక్ష ఆర్ద్రత 75 శాతము దాటగానే నీటిని పీల్చి ద్రవమగును. రెండు వేర్వేరు లోహములు కలియుచోట ఆ ద్రవము నిలిచినచో అదియే చిన్న విద్యుద్ఘటమై లోహమును తినివేయును. నిమ్మరసముతో తుడిచి, మంచినీటి గుడ్డతో మరల తుడిచి, ఆరబెట్టగా దీపము వెలిగెను. సెల్లులను అమర్చిన తరువాత అతుకులపై పలుచగా వాసలీను పూసిన ఈ బాధ తగ్గును. రాత్రులు సెల్లులను తీసి మూతగల డబ్బాలో నుంచుట మరియు మంచిది.

ప్రదర్శనములో నమూనా ప్రక్కన, ఇందులో ఏది కల్పితము, ఏది నిజము అని ఒక అట్టపై వ్రాసి పెట్టుడు. నిజమైన భాగమునకు దూరము పోనక్కరలేదు. 2013 జులై 1 న మన శ్రీహరికోట నుండి ఎగిరిన ఐ. ఆర్. ఎన్. ఎస్. ఎస్. 1ఎ ఉపగ్రహము పరమాణు గడియారములను మోసికొనిపోయినది. అట్టి గడియారములే ఉన్న అమెరికావారి జి. పి. ఎస్. ఉపగ్రహములలో కాలము, వేగము వలన కొంత వెనుకబడి, గురుత్వము తగ్గుట వలన అంతకు మించి ముందునకు పోయి, మొత్తము మీద దినమునకు సుమారు 38 మైక్రోసెకనులు భూమిపై కాలము కన్న ముందుండును.