బడికీ బస్తీకీ నడుమ: అంగన్‌వాడీ కార్యకర్తకు అందే శిక్షణ

పసిపిల్లలకు చదువులో తోడుండే పనికీ, పేద కుటుంబాలకు ప్రభుత్వ సేవలు అందేలా చూసే పనికీ బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో వేర్వేరు కోర్సులూ వేర్వేరు కొలువులూ ఉండగా, మన దేశంలో ఆ రెండు బాధ్యతలూ చాలావరకు ఒకే మనిషి భుజాన పడ్డాయి. ఆమె అంగన్‌వాడీ కార్యకర్త. తెలుగు బస్తీల్లో ఆమెను టీచర్ అనీ, ఆమెకు తోడుండే సహాయకురాలిని ఆయా అనీ పిలవడం వాడుక. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఇద్దరూ గౌరవ వేతనం మీద పనిచేసే స్వచ్ఛంద సేవకులే.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో ప్రయోగాత్మకంగా మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే జనం నోట ఐసీడీఎస్, అంగన్‌వాడీ కేంద్రాలకు ఆరు పనులు అప్పగించింది: అనుబంధ పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ గురించి చెప్పడం. విశాఖ పూర్ణా మార్కెట్ వంటి చోట, తెల్లవారకముందే కూరగాయల లారీలు దిగి, కళాసీలు మూటలు మోస్తుండగా తల్లులు గంపలు ముందు పెట్టుకుని కూర్చునే చోట, ఈ ఆరింటినీ సమయానికి అందించడం ఎంత కష్టమో శిక్షణ పుస్తకం చదివితే బోధపడేది కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ కొలువుకు అడిగే అర్హతల్లో పదో తరగతి ఉత్తీర్ణత ఎంత ముఖ్యమో, అభ్యర్థి కేంద్రం ఉన్న ప్రాంతంలోనే కాపురముంటున్న వివాహిత కావడం అంతే ముఖ్యం. వీధిని ఎరిగిన మనిషి గడప తొక్కితే తలుపు తెరుచుకుంటుందన్న ఎరుక ఈ నిబంధన వెనుక ఉంది. అయితే శిక్షణ నియామకం తర్వాతే వస్తుంది. మొదట ఆరు రోజుల పరిచయ తరగతులు, ఆ తర్వాత అంగన్‌వాడీ శిక్షణ కేంద్రంలో 26 పనిదినాల ఉద్యోగ శిక్షణ, కొన్నేళ్లకొకసారి పునశ్చరణ తరగతులు అన్నది చాలాకాలం నడిచిన పద్ధతి. మొత్తం కలిపినా నెల రోజులకు కాస్త ఎక్కువ.

ఆ కొద్దికాలంలో చేతికి అలవడవలసిన పనులు పైకి చిన్నవిగా కనిపిస్తాయి. ఆరు నెలలు దాటి అయిదేళ్లలోపు ఉన్న బిడ్డ ఎడమచేతి భుజం చివరకూ మోచేతికీ సరిగ్గా నడిమి బిందువు గుర్తించి, చేయి వదులుగా వేలాడుతుండగా అక్కడ రంగుల టేపు చుట్టాలి. బిగిస్తే కొలత తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపం, 12.5 లోపు పసుపు, అంటే మధ్యస్థ లోపం, ఆపైన ఆకుపచ్చ. రెండేళ్లలోపు బిడ్డ పొడవును పడుకోబెట్టి, అంతకు పెద్దవాళ్ల ఎత్తును నిలబెట్టి కొలవాలి. టేపు చుట్టడంలో వేలి మందం పొరపాటు జరిగినా ఎరుపులో ఉండవలసిన బిడ్డ పసుపులోకి జారుకుంటుంది, ఆసుపత్రికి వెళ్లవలసినది ఇంట్లోనే ఉండిపోతుంది.

చదువు చెప్పడం ఇంతకంటే సున్నితం. ఇంట్లో గుంటడా అని పిలిపించుకునే ఉత్తరాంధ్ర పిల్లవాడికి కేంద్రంలో మొదటి వారం వినిపించే పుస్తకాల తెలుగు దాదాపు పరాయి భాష. వాడి యాసలోనే మాట కలిపి, ఆటలోంచి లెక్కలోకి, కథలోంచి అక్షరంలోకి తీసుకురావడమే పూర్వ ప్రాథమిక విద్య సారాంశం, అంతేగాని అయిదేళ్లకే పలక నింపించడం కాదు.

స్థానిక మహిళకే చదువు చెప్పి ఆమె చేతనే సేవ చేయించాలన్న ఆలోచనకు తెలుగునాట పాత వేళ్లున్నాయి. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను పెంచిన అనుభవంతో, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలయ్యారు. ఆ మండలి 1958లో ప్రారంభించిన సంక్షిప్త విద్యాకోర్సులు, మధ్యలో బడి మానేసిన స్త్రీలను తక్కువ కాలంలో పరీక్షలకు తయారుచేసి, గ్రామసేవికలుగా, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా నిలబెట్టడానికి ఉద్దేశించినవి. చదువు ముందు, కొలువు తర్వాత అన్నది అక్కడి వరుస. ఐసీడీఎస్ ఆ వరుసను తిరగేసింది.

బస్తీ పనికి వేరే పాయ ఉంది. 1967లో హైదరాబాదులో మొదలైన పట్టణ సముదాయ అభివృద్ధి పథకం, అంటే బస్తీవాసులనే కూడగట్టి వారి అవసరాలను వారిచేతే చెప్పించే పద్ధతి, తర్వాత విశాఖకూ వచ్చింది. 1988లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నగరంలోని మురికివాడల మెరుగుదల కార్యక్రమం మొదలైంది. రోడ్లూ కాలువలూ కంటికి కనిపిస్తాయి కనుక వాటినే జనం గుర్తుపెట్టుకున్నారు, బస్తీవాసులను కూడగట్టిన పనిని కాదు.

తిరిగి అంగన్‌వాడీకి వస్తే, కార్యకర్తల శిక్షణలోని కొరతను 2020 జాతీయ విద్యా విధానం ఒప్పుకుంది. ఇంటర్ ఆపైన చదివిన కార్యకర్తలకు పూర్వ బాల్య విద్యలో ఆరు నెలల సర్టిఫికెట్, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా అని అది నిర్దేశించింది. కేంద్ర ప్రభుత్వం 2023 మేలో 'పోషణ్ భీ, పఢాయీ భీ' పేరిట పోషణతో పాటు చదువునూ చేర్చిన శిక్షణ మొదలుపెట్టింది. శిక్షణ పెరుగుతున్నకొద్దీ పని ఖరీదు గురించిన ప్రశ్న కూడా పెరగడం సహజం: ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, వీరికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్వచ్ఛంద సేవ అన్న మాట అక్కడే సగం చెల్లకుండా పోయింది.

పూర్ణా మార్కెట్ వంటి ప్రాంతానికి తిరిగి వస్తే చిక్కు గడియారంతో ఉంది. కేంద్రం తెరిచే ఉదయం తొమ్మిది గంటల వేళకు మార్కెట్లో టోకు బేరం ముగింపుకొస్తుంది, బిడ్డను చంకన వేసుకుని వచ్చిన తల్లికి ఎక్కువ పని అప్పటికే అయిపోతుంది. పనికి వెళ్లే తల్లుల కోసం 2022లో కేంద్ర ప్రభుత్వ మహిళా కార్యక్రమం మిషన్ శక్తిలో చేర్చిన పాల్నా పథకం, అంగన్‌వాడీకే శిశు సంరక్షణ గదిని జోడించి, దానికి విడిగా కార్యకర్తనూ సహాయకురాలినీ ఇవ్వమంటుంది. ఆ గది తొమ్మిదింటికి కాక తెల్లవారుజామున నాలుగింటికి తెరవాలంటే ఎవరిని నియమించాలో, ఆమెకు ఏం నేర్పాలో ఏ పాఠ్యప్రణాళికైనా ముందు మార్కెట్ వేళలు చూసి రాసుకోవలసి ఉంటుంది.