అంటని పూత, వదలని విషం

1938 ఏప్రిల్ 6. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, డీప్‌వాటర్ వద్ద ఉన్న డ్యుపాంట్ కంపెనీ జాక్సన్ పరిశోధనాగారం. ఇరవై ఏడేళ్ల రసాయన శాస్త్రజ్ఞుడు రాయ్ ప్లంకెట్, అతని సహాయకుడు జాక్ రెబోక్ ఒక చిన్న ఉక్కు సిలిండరు వాల్వును తిప్పారు. వాయువు బుస్సుమంటూ బయటికి రావాలి. కాని చిన్న చప్పుడైనా లేదు.

ఆ సిలిండరులో నింపినది టెట్రాఫ్లోరోఇథిలీన్ అనే వాయువు. దానినుంచి రిఫ్రిజిరేటర్లకు పనికివచ్చే కొత్త శీతలీకరణ ద్రవ్యాన్ని తయారు చేయాలన్నది ప్లంకెట్ ప్రయత్నం. వాయువు ఎక్కడో కారిపోయిందనుకుని ఖాళీ సిలిండరును మూలకు నెట్టి, మరొకటి తెచ్చుకోవడం ఎవరైనా చేసే పని. వారు అలా చేయలేదు. సిలిండరును తూచి చూశారు. ఆశ్చర్యం! బరువు ఏమాత్రం తగ్గలేదు. వాయువు లోపలే ఉన్నదన్నమాట. మరి బయటికి ఎందుకు రాదు?

చివరకు సిలిండరును రంపంతో కోశారు. లోపల గోడలకు పేరుకుని, మైనంలా నున్నగా ఉన్న తెల్లటి పొడి కనిపించింది. వాయువులోని అణువులు వాటంతట అవే ఒకదానితో ఒకటి గొలుసులా పెనవేసుకుని ఘనపదార్థంగా మారిపోయాయి. తరువాతి కాలంలో టెఫ్లాన్ అన్న పేరుతో లోకమంతటా ప్రసిద్ధమైన ప్లాస్టిక్ ఈ విధంగా పుట్టింది.

కవచం ధరించిన గొలుసు

ప్లంకెట్ ఆ పొడిని రకరకాల పరీక్షలకు గురిచేశాడు. ఘాటైన ఆమ్లాలు దానిని కరిగించలేకపోయాయి. 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగిలితే తప్ప అది మెత్తబడి కరగదు. తామరాకు మీద నీటిబొట్టులా, ఏ వస్తువూ దానిని అంటిపెట్టుకుని నిలవదు.

దీనికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. గొలుసుకు వెన్నెముక కర్బన పరమాణువులు. వాటిని చుట్టూ కవచంలా కప్పి ఉంచేవి ఫ్లోరిన్ పరమాణువులు. కర్బనానికీ ఫ్లోరిన్‌కూ మధ్య ఉన్న బంధం కర్బన రసాయనశాస్త్రంలో అత్యంత బలమైన బంధాలలో ఒకటి. ఆ కవచం ఇతర పదార్థాలను దరిజేరనివ్వదు. ఈ ఒక్క గుణమే ఈ కథలోని మేలుకూ కీడుకూ కూడా మూలం.

యుద్ధరంగం నుంచి వంటింటికి

1941లో ఈ పదార్థానికి పేటెంటు లభించింది. అయితే అప్పటికి దాని ఉత్పత్తికి అయ్యే ఖర్చు చాలా ఎక్కువ. ఖర్చుకు వెనుదీయని మొదటి గిరాకీ అణుబాంబు నిర్మాణం నుంచి వచ్చింది. యురేనియంను శుద్ధి చేయడానికి వాడే యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువు ఎన్నో పదార్థాలను తినివేస్తుంది. దానికి తట్టుకోగల బిగింపులకు, సీళ్లకు టెఫ్లాన్ పనికివచ్చింది.

యుద్ధం ముగిసిన తరువాత అది విద్యుత్తీగలకు తొడుగుగా, రసాయన కర్మాగారాలలో గొట్టాలకు లోపలి పూతగా చేరింది. కాని ఒక చిక్కు మిగిలింది. దేనికీ అంటని పదార్థాన్ని లోహానికి అంటించడం ఎలా? ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజనీరు దీనికి ఉపాయం కనిపెట్టాడు. అల్యూమినియం ఉపరితలాన్ని ఆమ్లంతో తినిపిస్తే కంటికి కనిపించని గుంటలు ఏర్పడతాయి. పూత వాటిలోకి చొచ్చుకుపోయి, చెట్టు వేళ్లు నేలను పట్టుకున్నట్లు పట్టుకుంటుంది. దీనిని వంటపాత్రలపై ప్రయోగించి చూడమని సూచించినది ఆయన భార్య కొలెట్. 1956లో వారు స్థాపించిన కంపెనీయే టెఫాల్.

1969లో రాబర్ట్ గోర్ అనే అమెరికన్, వేడిచేసిన ఈ ప్లాస్టిక్ కడ్డీని ఒక్క ఉదుటున లాగి చూశాడు. అది తెగిపోకుండా సాగి, లోపల కోట్లాది సూక్ష్మరంధ్రాలు ఏర్పడ్డాయి. చెమట ఆవిరిని పోనిచ్చి వాననీటిని ఆపే వస్త్రాలు, శస్త్రవైద్యులు అమర్చే కృత్రిమ రక్తనాళాలు ఆ ఒక్క ఉదుటు ఫలితాలే.

నాణేనికి రెండవ వైపు

టెఫ్లాన్ తయారీలో, వాయువు నీటిలో సమంగా గొలుసు కట్టడానికి పి.ఎఫ్.ఓ.ఎ. అనే సబ్బువంటి రసాయనాన్ని దశాబ్దాలపాటు వాడారు. అదీ కర్బన–ఫ్లోరిన్ బంధాలతో నిర్మితమైనదే. అందువల్ల ఎండకూ, నీటికీ, సూక్ష్మజీవులకూ అది లొంగదు. కర్మాగారం నుంచి వెలువడి నదిలోనో భూగర్భజలంలోనో చేరితే అక్కడే నిలిచిపోతుంది. మనిషి రక్తంలో చేరితే, అందులో సగం పోవడానికే కొన్ని సంవత్సరాలు పడుతుంది.

పశ్చిమ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ ప్రాంతంలో ఒక రైతు ఆవులు వరుసగా చనిపోసాగాయి. ఆయన తరఫున రాబర్ట్ బిలాట్ అనే న్యాయవాది 1999లో డ్యుపాంట్ కంపెనీపై దావా వేశాడు. తరువాత ప్రజలందరి తరఫున నడిచిన కేసు రాజీలో భాగంగా, కర్మాగారం చుట్టుపట్ల సుమారు 69,000 మంది తమ రక్తనమూనాలను, ఆరోగ్య వివరాలను సమర్పించారు. ముగ్గురు శాస్త్రజ్ఞుల సంఘం సంవత్సరాల తరబడి వాటిని పరిశీలించి, మూత్రపిండాల క్యాన్సరు, వృషణాల క్యాన్సరు, థైరాయిడ్ వ్యాధితో సహా ఆరు రోగాలకు ఈ రసాయనంతో సంబంధం ఉండే అవకాశం ఉన్నదని 2012 నాటికి తేల్చింది. 2019లో స్టాక్‌హోమ్ ఒడంబడిక దీనిని నిర్మూలించవలసిన పదార్థాల జాబితాలో చేర్చింది. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మానవులకు క్యాన్సరు కలిగించే పదార్థంగా ప్రకటించింది.

అయితే మన వంటింటి పెనం సంగతి ఏమిటి? టెఫ్లాన్ పూత రేణువు పొరపాటున కడుపులోకి పోయినా, అది దేనితోనూ కలవకుండా బయటికి పోతుంది. కాని ఖాళీ పెనాన్ని మంటపై మరచిపోతే పూత చెడి విషవాయువులు వెలువడతాయి. పంజరంలోని చిలుక ప్రాణం తీయడానికి ఆ పొగ చాలు. మంట మధ్యస్థంగా ఉంచాలి. పెనం ఖాళీగా కాలకుండా చూసుకోవాలి.

ప్లంకెట్ 1994లో కన్నుమూశాడు. ఖాళీ అనిపించిన సిలిండరును తూచి చూడడమే ఆయన గొప్పతనం. ఆ తరువాతివారు లాభాన్ని తూచినంత శ్రద్ధగా, కాలువలోకి వదిలినదాన్ని తూచలేదు. ఈనాడు కొత్త ప్లాస్టిక్కులకు, కొత్త పూతలకు రూపకల్పన చేస్తున్న ప్రతి పరిశోధనాగారం వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎంతకాలం మన్నుతుందన్నది సరే, పని తీరిన తరువాత ఎక్కడికి పోతుంది?