ఉక్కు తాడు తెగితే ఎందుకంత ప్రమాదం?

బురదలో కూరుకుపోయిన జీపు తనను తానే బయటికి లాక్కోగలదు. కొన్ని జీపుల ముందు బంపర్ దగ్గర వించ్ ఉంటుంది: ఒక మోటారు, ఒక డ్రమ్ము, దానికి చుట్టిన తాడు. తాడు కొసను గట్టి చెట్టుకు కట్టి మోటారు తిప్పితే చాలు.

ఆ తాడు ఉక్కుదా, సింథటిక్‌దా? అక్కడే అసలు తేడా.

లాగుతున్నప్పుడు ఉక్కు తాడు కాస్త సాగి, రబ్బరు బ్యాండులా శక్తిని దాచుకుంటుంది. తెగితే ఆ శక్తంతా ఒక్కసారిగా బయటపడి, బరువైన కొస ఎంతో వేగంగా దూసుకొస్తుంది. ప్రాణాలే పోవచ్చు. తెగిన తీగలు చేతులకు గుచ్చుకుంటాయి కూడా.

సింథటిక్ తాడును డైనీమా వంటి ప్రత్యేకమైన పాలిథిలీన్ పోగులతో అల్లుతారు. ఉక్కు సాంద్రత నీటికి దాదాపు 8 రెట్లు. ఈ పోగులైతే నీటిమీద తేలుతాయి! అంత తేలిక కాబట్టి తెగినా దెబ్బ తీవ్రత తగ్గుతుంది. అయితే కొసన ఉన్న కొక్కెం ఉక్కుదే. అది ఎగిరొస్తే ప్రమాదం తప్పదు.

మరి అందరూ సింథటిక్ తాడే ఎందుకు వాడరు? ధర ఎక్కువ. పదునైన రాయికి ఒరుసుకుంటే పోగులు తెగుతాయి. ఎండ దీన్ని మెల్లగా బలహీనపరుస్తుంది. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది, అంతకు చాలా ముందే బలం తగ్గుతుంది. రాళ్ల గుట్టల్లో మొరటు పనికి ఉక్కే నయం. చేత్తో తరచూ లాగి కట్టేవాళ్లకు మాత్రం నా ఓటు సింథటిక్‌కే.

ఏ తాడైనా సరే, వించ్ తిరుగుతున్నప్పుడు దాన్ని దాటకండి, దగ్గర నిలబడకండి.