బాలశాస్త్రజ్ఞుల వాదసభ

పరీక్ష యనగానే ప్రశ్నపత్రము, గంట, ఒంటరి వ్రాత మనకు స్ఫురించును. 1979లో మాస్కోలో మొదలై, 1988లో అంతర్జాతీయమైన యువభౌతికశాస్త్రజ్ఞుల పోటీ యట్టిది కాదు. జట్టునకు 5 గురు విద్యార్థులు. 17 సమస్యలు నెలల ముందే ప్రకటింపబడును. వానికి సిద్ధసమాధానములు లేవు. బాలబాలికలు తామే పరికరము లమర్చి, కొలిచి, తర్కింపవలెను.

సభలో నొక జట్టు ప్రతినిధి 12 నిమిషములలో తన పరిష్కారమును వినిపించును. వేఱొక జట్టువారు, మన శాస్త్రవాదములందు పూర్వపక్షము చేయువారివలె, దానిలోని లోపములను వెదకుదురు. మూడవ జట్టు ఇరువురి వాదమును తూచును. పిమ్మట పాత్రలు మారును. ఆక్షేపించినవారే ఆక్షేపణకు నిలువవలెను!

ఇందొక నియమము నాకు మిక్కిలి నచ్చినది. ఆక్షేపించువాడు తన సొంత పరిష్కారమును చెప్పరాదు. ఎదుటివాని పరిష్కారమును చక్కగా గ్రహించి, దానినే ప్రశ్నింపవలెను. పెద్దల సభలలో నిది యెంత యరుదో శ్రోతలెఱుగుదురు.